ఎవరినీ ఎత్తి మోయకుండా పెళ్లి: అతిథులందరికీ అనువైన ఏర్పాట్లు ఎలా చేయాలి?

"మా పెదనాన్న చక్రాల కుర్చీలో వస్తారు, హాలుకు నాలుగు మెట్లున్నాయి, ఏం చేయాలి?" "అమ్మాయి స్నేహితురాలికి చూపు లేదు, ఆమెను ఎవరికి అప్పగించాలి?" ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే నాకు వచ్చే ప్రశ్నలు ఇవే. అడిగేవారిలో చాలామంది చివర ఒక మాట కలుపుతారు: "మరీ అవసరమైతే కుర్రాళ్లు నలుగురున్నారు లెండి, ఎత్తేస్తారు."

ఆ ఆలోచన ఒక్కటి ముందే పక్కన పెట్టండి. మనిషిని కుర్చీతో సహా ఎత్తడం ఏర్పాటు కాదు, ప్రమాదం. నలుగురూ నాలుగు ఎత్తుల్లో పట్టుకుంటే కుర్చీ ఒరుగుతుంది. చేతులు ఆనించే కమ్మీలు, పాదాల పలకలు ఊడదీసే వీలున్న కుర్చీలు చాలా ఉంటాయి. అలాంటివాటిని ఆ భాగాల దగ్గర పట్టుకుని లేపితే కమ్మీ చేతిలోకి వస్తుంది, కుర్చీ కింద పడుతుంది. పైగా పట్టుచీర కట్టుకుని వచ్చిన పెద్దావిడను అందరూ చూస్తుండగా మోసుకెళ్తే, ఆమె ఇక ఆ పెళ్లంతా కూర్చున్న చోటు నుంచి కదలరు. మంచినీళ్లు కూడా తాగరు. తాగితే బాత్రూముకు వెళ్లాలి, వెళ్లాలంటే మళ్లీ ఆ నలుగురినీ పిలవాలి.

కాబట్టి మీ ఏర్పాట్లకు కొలబద్ద ఇది: అతిథి కారు దిగిన దగ్గర నుంచి కూర్చోవడం, అక్షింతలు వేయడం, భోజనం చేయడం, బాత్రూముకు వెళ్లడం, తిరిగి కారెక్కడం వరకు ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాకూడదు. ఫంక్షన్ హాలులో జరిగే పెళ్లిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సీమంతం, షష్టిపూర్తి, సంస్మరణ సభ దేనికైనా ఇవే పనికొస్తాయి.

కావలసినవి

- ఒక కొలత టేపు. వాలు కొలిచే యాప్ ఉన్న ఫోను.
- అద్దెకు తెచ్చిన చక్రాల కుర్చీ ఒకటి. వైద్య పరికరాలు అమ్మే దుకాణాల్లో అద్దెకు దొరుకుతుంది. ఎవరూ అడగకపోయినా తెచ్చి ఉంచండి, మోకాళ్ల నొప్పులున్నవారు తప్పకుండా వాడుకుంటారు.
- చేతులున్న గట్టి కుర్చీలు పది పదిహేను. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి పెద్దవాళ్లు లేవలేరు.
- ర్యాంపు కట్టే వడ్రంగి, లేదా వేదిక కట్టే టెంట్ హౌస్ వారు.
- నేలమీద వైర్లను అంటించే వెడల్పాటి టేపు.
- తలుపు గడియ పడే చిన్న గది ఒకటి.
- ఇద్దరు బాధ్యులు, ఒక మగ, ఒక ఆడ. పెళ్లిలో వేరే ఏ పనీ లేనివారై ఉండాలి. పెళ్లికూతురి అన్నను పెడితే ముహూర్తం వేళకు అతను పీటల దగ్గర ఉంటాడు.

1. పిలిచేటప్పుడే అడగండి

పిలుపుకు వెళ్లినప్పుడో, ఫోనులోనో ఒక్క ప్రశ్న చాలు: "మీరు వచ్చి హాయిగా ఉండటానికి మేం ఏమైనా ఏర్పాటు చేయాలా? మెట్లు, భోజనం, కూర్చునే చోటు, ఏదైనా సరే చెప్పండి." ఇదే ప్రశ్న అందరినీ అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో పార్కిన్సన్స్, హిమోఫీలియా, ఆటిజం వంటివి కూడా ఉన్నాయి, అంటే చూడగానే బయటికి కనిపించనివి చాలానే ఉన్నాయి. మీరు ఊహించి పట్టుకోలేరు, అడగాల్సిందే.

ఏమైందని, ఎప్పటి నుంచని ఆరా తీయకండి. మీకు కావలసింది ఏర్పాటు, రోగ చరిత్ర కాదు. "మీకు ఇబ్బంది కదా, అక్షింతలు ఇంటికే పంపిస్తాం" అన్న మాట ప్రేమతో అన్నా సరే, వినేవారికి రావద్దన్నట్టే ఉంటుంది.

శుభలేఖ విషయంలో ఒక జాగ్రత్త. చూపు లేనివారు ఫోనులో టాక్‌బ్యాక్, వాయిస్ఓవర్ వంటి వాటితో తెర మీది అక్షరాలను వింటారు. మీరు పంపిన శుభలేఖ ఫొటో అయితే అవి సరిగా చదవలేవు. డీటీపీ సెంటర్లో అచ్చు కోసం వాడే ‘అను’ ఫాంట్లతో కొట్టిన పీడీఎఫ్ అయితే, ఫోను వాటిని తెలుగుగా గుర్తించదు కాబట్టి అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. ఫొటోతో పాటు ముహూర్తం, హాలు పేరు, చిరునామా, భోజనాల వేళ, మీ ఫోను నంబరు మామూలుగా టైపు చేసి వాట్సాప్‌లో పంపండి. చివర ఈ వాక్యం చేర్చండి: "హాలులో ర్యాంపు, కింది అంతస్తులో బాత్రూము ఉన్నాయి. ఇంకేదైనా కావాలంటే ఈ నంబరుకు చెప్పండి." లేనివి ఉన్నాయని మాత్రం రాయకండి. ర్యాంపు లేదని ముందే తెలిస్తే మనిషి తన దారి తాను చూసుకుంటాడు.

2. హాలుకు అడ్వాన్సు ఇచ్చే ముందు బాత్రూము చూడండి

అందరూ ముందు వేదిక, ఏసీ, పార్కింగు చూస్తారు. మీరు బాత్రూముతో మొదలుపెట్టండి. మిగతావన్నీ డబ్బుతోనో తెలివితోనో సర్దుకోవచ్చు. బాత్రూము తలుపు వెడల్పును పెళ్లిరోజు మార్చలేరు.

కొలవాల్సినవి ఇవి. తలుపు తెరిచాక మిగిలే ఖాళీ కనీసం 32 అంగుళాలు ఉండాలి, 36 ఉంటే మంచిది. మన హాళ్లలో చాలాచోట్ల బాత్రూము తలుపు 24 నుంచి 30 అంగుళాలే. మామూలు చక్రాల కుర్చీయే దాదాపు 25, 26 అంగుళాలుంటుంది, చక్రం తిప్పే చేతులకు ఇంకాస్త చోటు కావాలి. లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల మేర ఖాళీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే కుర్చీ వెళ్లాక తలుపు మూయలేరు, లోపల ఎవరైనా పడిపోతే తెరవలేరు. కమోడ్ ఉందా, పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, అది ఊగుతోందా అన్నవి చేత్తో పట్టి చూడండి. గుమ్మంలో గడప ఎత్తు చూడండి. ఆ గదిలో చీపుళ్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు పేర్చి తాళం వేశారేమో కూడా చూడండి. వికలాంగుల బాత్రూము బోర్డున్న గది చాలాచోట్ల సామాన్ల గదిగా మారిపోయి ఉంటుంది. తాళం ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రాసుకోండి.

సరిపోకపోతే మూడు దారులున్నాయి. ఒకటి, కింది అంతస్తులోని విడిది గది బాత్రూము పెద్దదిగా ఉంటే ఆ గదిని అతిథులకు వదలండి, పెళ్లివారు పై గదికి వెళ్లండి. రెండు, తలుపు రెక్కను బందుల నుంచి విప్పి మందపాటి తెర కట్టండి, ఒకటి రెండు అంగుళాలు కలిసివస్తాయి. బయట బాధ్యుల్లో ఒకరు కాపలా ఉండాలి. మూడు, గడియ పడే గదిలో అద్దెకు తెచ్చిన కమోడ్ కుర్చీ, నీళ్లు, సబ్బు, మూత ఉన్న బకెట్టు పెట్టండి. మూడోది గత్యంతరం లేనప్పుడే.

హాలు వారు "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ" అంటారు. తమ పని కాదన్నట్టు మాట్లాడితే ఒక విషయం చెప్పండి: 2016 చట్టం ప్రకారం ప్రజలు వాడే ప్రైవేటు భవనాలు కూడా అందరికీ అనువుగా ఉండాల్సిందే, ఫంక్షన్ హాళ్లు అందులోకే వస్తాయి. ఈ ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలుగా రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది కూడా. గొడవ పడమని కాదు. అద్దె మాట్లాడుకునేటప్పుడు "ఆ గది ఖాళీ చేయించి, కడ్డీ బిగించి ఇవ్వండి" అని అడగడానికి ఇది చాలు.

లిఫ్టు ఉంటే రెండు ప్రశ్నలు: కరెంటు పోతే జనరేటరు మీద అది నడుస్తుందా? పెళ్లిరోజు వంట సామాను మోయడానికి దాన్నే వాడతారా? రెండోదానికి అవునంటే భోజనాల వేళ అది అతిథులకు దొరకదు, వేళలు ముందే విడగొట్టండి.

3. మెట్లకు ర్యాంపు

"ర్యాంపు ఉందండీ" అని చూపించేది తరచుగా మెట్ల మధ్య స్కూటరు ఎక్కించడానికి పోసిన నిటారు సిమెంటు వాలే అయి ఉంటుంది. దాని మీద చక్రాల కుర్చీని ఎక్కించవద్దు.

లెక్క తేలిక. ఎత్తు ఎన్ని అంగుళాలైతే ర్యాంపు పొడవు అన్ని అడుగులు ఉండాలి. రెండు మెట్లు కలిపి 12 అంగుళాలైతే 12 అడుగుల ర్యాంపు, నాలుగు మెట్లు కలిపి 24 అంగుళాలైతే 24 అడుగులది. వెడల్పు నాలుగడుగులు. ఎక్కే చోట, దిగే చోట అయిదడుగుల సమతల నేల. ఫోను యాప్‌తో కొలిస్తే వాలు 5 డిగ్రీలు దాటకూడదు. ఇంత పొడవు చూసి వడ్రంగి "సగం చాలండీ" అంటాడు. ఒప్పుకోకండి. సగం పొడవు ర్యాంపు మీద ఎక్కడానికి వెనక నుంచి ఒకరు బలంగా తోయాలి, దిగేటప్పుడు కుర్చీ జారిపోతుంది.

ముప్పావు అంగుళం ప్లైవుడ్, కింద దగ్గర దగ్గరగా ఆధారాలు, రెండు అంచులకూ చక్రం జారకుండా మూడంగుళాల చెక్క పట్టీ, పైన మేకులతో గట్టిగా బిగించిన కొబ్బరిపీచు పట్టా, ఒక పక్క పట్టుకోవడానికి కడ్డీ. ఎర్ర తివాచీ పరచవద్దు. అది చక్రాల కింద ముడతలు పడుతుంది, చేతికర్రకు జారుతుంది.

స్థలం చాలకపోతే హాలు చుట్టూ ఒకసారి తిరగండి. వంటశాల వైపో, సెల్లారు నుంచో మెట్లు లేని దారి తరచుగా ఉంటుంది. దాన్ని వాడాల్సి వస్తే కడిగించి, దీపాలు పెట్టించి, మామిడాకుల తోరణం కట్టించండి. అక్కడ కూడా ఒకరు నిలబడి పన్నీరు చల్లి, "రండి రండి" అని పిలవాలి.

4. వేదిక, అక్షింతలు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వేదిక ఎత్తు మూడడుగులైతే ర్యాంపు 36 అడుగులు కావాలి. చాలా హాళ్లలో అంత చోటు దొరకదు. కాబట్టి ర్యాంపు గురించి తల బద్దలు కొట్టుకోకుండా వేదికను కిందికి దించమనండి. డెకరేషన్ వారితో మాట్లాడితే అడుగు ఎత్తు వేదిక కడతారు, అప్పుడు 12 అడుగుల ర్యాంపు సరిపోతుంది. వెనక కూర్చున్నవారికి కనిపించదంటారా, ఎలాగూ తెర పెట్టి వీడియో వేస్తున్నారు.

అది కుదరకపోతే దంపతులు దిగి రావాలి. తలంబ్రాలయ్యాక, ఆశీర్వచనాలకు ముందు, పావుగంట ఇద్దరూ కిందికి వచ్చి ముందు వరుసల్లో ఉన్న పెద్దల దగ్గర వంగి అక్షింతలు వేయించుకోవాలి. ఈ సంగతి పురోహితుడికి, ఫొటోగ్రాఫరుకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఫొటోలవాళ్లు వేదిక మీద వరుస కట్టించేస్తారు, కింద కూర్చున్నవారు చివరికి అక్షింతలు ఎవరి చేతికో ఇచ్చి పంపుతారు. కిందికి దిగినప్పుడు తీసిన ఫొటోలు ఆల్బంలో ఉండాలని కూడా చెప్పండి.

ఇదే సందర్భంలో నేను గట్టిగా చెప్పే మాట మరొకటి ఉంది. భర్త పోయిన మేనత్తను, పెద్దమ్మను ముహూర్తం వేళ వెనక్కి జరగమనే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆ బిడ్డను ఎత్తుకుని పెంచిన చేతులవి. పిలుపుకు వెళ్లినప్పుడే "మీరు మొదటి వరుసలో కూర్చోవాలి, అక్షింతలు వేయాలి" అని చెప్పి రండి. పెళ్లిలో అప్పటికప్పుడు పిలిస్తే వారే మొహమాటపడి తప్పుకుంటారు.

కూర్చునే చోటు విషయంలో: చక్రాల కుర్చీల కోసం ముందు వరుసలో ఒక మూల పెట్టకండి. రెండో మూడో వరుసల చివర ఒక్కో కుర్చీ తీసేయండి, పక్కన వాళ్ల కుటుంబం కూర్చుంటుంది. మధ్య దారి నాలుగడుగులు ఉండాలి.

5. భోజనాలు

బంతి భోజనమైతే బల్ల కింద చూడండి. మడత బల్లలకు అడ్డంగా ఇనుప కమ్మీ ఉంటుంది, కుర్చీ పాదాల పలక దానికి తగిలి మనిషి విస్తరికి జానెడు దూరంలో ఆగిపోతాడు. ప్రతి వరుస చివర అడ్డకమ్మీ లేని బల్ల ఒకటి వేయించండి, అక్కడ కుర్చీ తీసేయండి. బల్ల కింద 28 అంగుళాల ఎత్తు ఖాళీ ఉంటే మోకాళ్లు పడతాయి. విడిగా ఒక మూల బల్ల వేసి వారందరినీ అక్కడ కూర్చోబెట్టకండి.

బఫే అయితే చేతికర్ర ఉన్నవారు పళ్లెం పట్టుకుని నడవలేరు. వడ్డించేవారిలో ఇద్దరికి, కూర్చున్న అతిథుల దగ్గరకు వెళ్లి ఏం కావాలో అడిగి తెచ్చే పని మాత్రమే ఇవ్వండి. "అన్నీ కొంచెం కొంచెం వేసుకొచ్చేశాను" అనకూడదు, అడిగి తేవాలి.

చూపు లేని అతిథికి విస్తరిలో ఏది ఎక్కడుందో ఎడమ నుంచి కుడికి చెప్పాలి: "పైన మీ ఎడమ వైపు ఉప్పు, దాని పక్కన ఆవకాయ, తర్వాత గుత్తి వంకాయ, కుడి చివర గారె. నెయ్యి వేస్తున్నాను, వేడిగా ఉంది." సాంబారు, రసం పోసే ముందు తప్పకుండా చెప్పాలి. చేయి విస్తరిలో ఉండగా చెప్పకుండా పోస్తే కాలుతుంది. నీళ్ల గ్లాసు పెట్టిన చోటు చెప్పండి, దాన్ని మళ్లీ జరపకండి.

మింగడం కష్టమైన పెద్దలకు మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. ఇన్సులిన్ తీసుకునేవారికి ముహూర్తం రాత్రి రెండింటికైనా సరే, భోజనం ఎనిమిదింటికే అందాలి. అలాంటి ముహూర్తమైతే నడుం వాల్చడానికి కింది అంతస్తులో రెండు మంచాలు వేయించండి.

6. చూపు లేని అతిథులను నడిపించడం

చేయి పట్టుకుని లాగవద్దు, వెనక నుంచి తోయవద్దు. మీ పేరు చెప్పి, "నా చేయి పట్టుకుంటారా?" అని అడిగి మోచేయి అందించండి. మీరు అరడుగు ముందు నడవండి. మెట్లు వస్తే ఎక్కేవో దిగేవో చెప్పండి. కుర్చీ దగ్గర వారి చేయిని కుర్చీ వీపు మీద పెట్టండి, వారే కూర్చుంటారు. వదిలి వెళ్లేటప్పుడు "వెళ్తున్నాను" అని చెప్పండి. లేకపోతే ఖాళీ చోటుతో మాట్లాడుతూ మిగిలిపోతారు. వేదిక మీద జరుగుతున్నది పక్కనుండి చెప్పేవారుంటే వారికీ పెళ్లి అందుతుంది: "ఇప్పుడు తెర దించారు, అమ్మాయి నవ్వుతోంది."

7. వినిపించని అతిథులకు

మైకు పెంచితే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి స్పీకరు పక్కన కూర్చోవడం నరకం. సన్నాయికి, స్పీకర్లకు దూరంగా, వేదిక కనిపించేలా కూర్చోబెట్టండి. కార్యక్రమాల వేళలు ముందురోజే రాసి వాట్సాప్‌లో పంపండి. బధిరులు నలుగురైదుగురు వస్తుంటే భారతీయ సంజ్ఞా భాష తెలిసిన దుభాషిని పెట్టండి. మీ జిల్లా బధిరుల సంఘాన్ని అడిగితే చెబుతారు, తక్కువమందే ఉంటారు కాబట్టి తేదీ ముందే ఖాయం చేసుకోండి. దుభాషి ముఖం మీద, చేతుల మీద వెలుతురు పడాలి. వీడియో వేయడానికి దీపాలు ఆర్పినా ఆ దీపం ఆర్పకూడదు. వారి ఇంట్లో సైగలు తెలిసిన పదేళ్ల పిల్లకు ఆ పని అంటగట్టకండి, ఆ పిల్లకూ ఆడుకోవాలని ఉంటుంది. మాటలను అక్షరాలుగా చూపే యాప్‌లు ఎదురెదురుగా మాట్లాడుకోవడానికి బాగానే ఉంటాయి, మేళం మోగుతుంటే మాత్రం పనిచేయవు.

8. గట్టిమేళం, లైట్లు

జీలకర్ర బెల్లం వేళ, మాంగల్యధారణ వేళ గట్టిమేళం ఒక్కసారిగా లేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు అది భరించలేని శబ్దం. ఆ సమయాలు తల్లిదండ్రులకు ముందే చెప్పండి, అయిదు నిమిషాల ముందు బాధ్యుల్లో ఒకరు వెళ్లి గుర్తు చేయాలి. గడియ పడే గదిని ఇందుకు కూడా వాడుకోవచ్చు: దీపం తగ్గించి, చాప పరచి, ఫ్యాను వేసి ఉంచండి. మిణుకు మిణుకుమనే డీజే లైట్లు కొందరికి మూర్ఛ తెప్పిస్తాయి, వాటిని పూర్తిగా మానేయమనండి.

9. డెకరేషన్ పూర్తయ్యాక పరీక్షించండి

ఇది వదిలేస్తే ముందు చేసినదంతా వృథా. హాలు చూసిన రోజు ఉన్న దారి పెళ్లిరోజు ఉండదు. ప్రవేశ ద్వారం దగ్గర పూల కమాను వేస్తారు, దాని అడుగు పైపు నేలమీద అడ్డంగా ఉంటుంది. ర్యాంపు మీద పూలకుండీలు పెడతారు. జనరేటరు వైరు దారికి అడ్డంగా లాగుతారు. ర్యాంపు మొదట్లోనే బైకులు నిలుపుతారు.

ముందురోజు రాత్రి అద్దె కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టి కారు దిగే చోటు నుంచి వేదికకు, భోజనాల గదికి, బాత్రూము లోపలికి వెళ్లి తలుపు మూసి రండి. ఖాళీ కుర్చీని తోసి సరిపెట్టుకోకండి, మోచేతులు, పాదాలు తగిలే చోట్లు అలా తెలియవు. కూర్చున్నవారు తమ చేతులతోనే చక్రాలు తిప్పి ర్యాంపు ఎక్కి చూడాలి. ఎక్కడైనా "కాస్త ఎత్తు" అనాల్సి వస్తే ఆ చోటు పూర్తి కానట్టే, అప్పుడే వడ్రంగిని పిలవండి. పెళ్లిరోజు పొద్దున అతిథులు రావడానికి గంట ముందు ఇదే దారి మళ్లీ ఒకసారి నడవండి.

10. ఆ రోజు, మర్నాడు

బాధ్యులిద్దరి ఫోను నంబర్లు ఆ అతిథుల దగ్గర ఉండాలి. అడగకుండా ఎవరి కుర్చీనీ తోయవద్దని, చేతికర్రలు తీసి గోడకు ఆనించవద్దని ఇంట్లో కుర్రాళ్లందరికీ చెప్పండి. సాయం చేయాలన్న తొందరలో ఆ రెండు పనులూ చేస్తారు, అతిథి కదలలేకుండా అయిపోతారు. అతిథితో కాకుండా పక్కనున్నవారితో "ఆయన భోంచేస్తారా?" అనడం కూడా మానిపించండి.

మర్నాడు ఫోను చేసినప్పుడు "అంతా బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ఇలా అడగండి: ఎన్ని గంటలకు బయల్దేరారు, అనుకున్నదానికంటే ముందా? బాత్రూముకు వెళ్లగలిగారా? మంచినీళ్లు తాగారా? కడుపునిండా తిన్నారా? దంపతుల దగ్గరకు వెళ్లగలిగారా? ఎక్కడ ఎవరిని పిలవాల్సి వచ్చింది? వచ్చిన జవాబులు రాసి ఒక కాపీ హాలు వారికి ఇవ్వండి, ఇంకో కాపీ మీ ఇంట్లో తర్వాతి పెళ్లి చేసేవారికి ఇవ్వండి. కట్టించిన ర్యాంపును విప్పి పారేయనివ్వకండి. హాలు వారు ఉంచుకుంటామంటే వదిలేయండి, లేదా కొలతలు పైన రాసి టెంట్ హౌస్ వారికి ఇవ్వండి.